లవంగాలు వెయ్యి

ఆ శనివారం పొద్దున కాంపౌండరు నిద్ర లేచేసరికి చెయ్యవలసిన పని ఒక్కటే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఒక కూర వండాలి. అది తిని వాళ్ళమ్మ రెండోసారి అడగాలి. మామూలు మనుషులు దీన్నొక పనిగా కూడా ఎంచరు. కానీ ఆయన యాభై రెండేళ్ళ జీవితంలో పొయ్యి వెలిగించిందల్లా షాపులో సూదులు మరగబెట్టడానికే తప్ప, నోటికి రుచిగా ఏదైనా చేసుకుందామని కాదు.

ఆయన పని చేసేది వీధి మలుపులో ఉన్న మందుల షాపులో. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. షాపు యజమాని వేరే ఉన్నా జనం నమ్మేది ఈయన్నే. ఎందుకంటే ఈయనకు చదవరాని చీటీ లేదు. డాక్టరు కోడి కెలికినట్టు రాసినా సరే, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఒక్కసారి చూసి "మాత్రలు పది, సీసా ఒకటి" అని తేల్చేస్తాడు. చీటీలో ముందు పేరు, తర్వాత లెక్క. చీటీలో ఉన్నది ఇవ్వాలి, మనకు తోచింది ఇవ్వకూడదు. ఈ ఒక్క సిద్ధాంతం పట్టుకుని ఇరవై ఆరేళ్ళలో ఏ ప్రాణికీ హాని చెయ్యలేదు. వంటింటి జోలికి పోలేదు కాబట్టి ఆ రికార్డు అలాగే నిలిచింది.

ఆయన భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. పై ఊళ్ళో ఆరు నెలల శిక్షణకు పదిమందిని ఎంపిక చేస్తే అందులో ఆవిడ పేరుంది. అది పూర్తి చేసి వస్తే టీచర్లకే పాఠం చెప్పే ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా దాని కోసమే ఎదురుచూసింది. "వెళ్ళడానికి సమ్మతమే" అని సంతకం చేసిన ఉత్తరం ఆ శనివారం మూడింటిలోపు హెడ్మిస్ట్రెస్ చేతిలో పడాలి. ఉత్తరం రాసి పదిహేను రోజులైంది. సంతకం చెయ్యడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

కారణం అత్తగారు. పాపం, ఆవిడ అడ్డు చెప్పలేదు. "వెళ్ళి రా తల్లీ" అనే అంది. కాకపోతే ఆరు నెలలుగా ఏం పెట్టినా నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేస్తోంది. "చప్పగా ఉందమ్మా" అంటుంది, ఎడమ చెంప అరచేతిలో ఆనించుకుని. కోడలు కారం పెంచింది. చప్పగా ఉందంది. పులుపు పెంచింది. అప్పుడూ చప్పగానే ఉందంది. మనిషి చిక్కి సగమైంది. తన చేతి వంటే పాడైపోయిందేమోనని కోడలు లోలోపల కుమిలిపోతోంది.

"నేనుండి వండుతుంటేనే ఆవిడ తినడం లేదు. నేను వెళ్ళిపోతే ఎవరు చూస్తారండీ?" అంది బుధవారం సాయంత్రం.

"ఎవరో ఎందుకు, నేను లేనూ?"

"మీరా?"

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన కూడా నవ్వేసి ఊరుకునేవాడు. నవ్వకుండా జాలిగా చూసేసరికి పౌరుషం పుట్టుకొచ్చింది. "వండుతాను. అమ్మ చేత తినిపిస్తాను. పందెమా?" అన్నాడు.

లెక్కల టీచరు కాబట్టి ఆవిడ షరతు కూడా లెక్క ప్రకారమే పెట్టింది. "శనివారం మధ్యాహ్నం మీరే వండండి. అత్తయ్య తనంతట తాను రెండోసారి అడిగితే ఉత్తరం మీద సంతకం పెడతాను. అడగలేదో, చింపేసి ఇక ఆ ఊసెత్తను."

కాంపౌండరు ఆ క్షణంలో భార్య మొహం చూశాడు. ఉత్తరం చింపడానికే ఆవిడ మనసు సిద్ధం చేసుకుంటోందని తెలిసిపోతోంది. ఎలాగైనా సరే ఆ సంతకం పడి తీరాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

గురు, శుక్రవారాలు చదువుకు సరిపోయాయి. పోపుల డబ్బా విప్పి అందులోవన్నీ షాపు నుంచి తెచ్చిన ఖాళీ సీసాల్లోకి మార్చి, అక్షరక్రమంలో పేర్చి, ఒక్కోదానికీ చీటీ అంటించాడు. ఇంగువ మీద "పిల్లలకు అందకుండా ఉంచవలెను" అనీ, పసుపు మీద "వాడేముందు కదపవలెను" అనీ అలవాటు కొద్దీ రాసేశాడు. తర్వాత కళ్ళు మూసుకుని వాసన పట్టే అభ్యాసం. సీసాలు ఆయన ముక్కు దగ్గర పెట్టే పని భార్యది.

"ఇది?"

"అజీర్తి."

"వాము అనండి. ఇది?"

"దగ్గు."

"మిరియాలు. మరి ఇది?"

"తలనొప్పి."

"పుదీనా అండీ! కూరలో వేసేది. ఇది చెప్పండి, ఆఖరుది."

"పంటి నొప్పి" అన్నాడు ఆయన, లవంగాన్ని వాసన చూసి, పూర్తి నమ్మకంతో.

ఆవిడ సీసాలు కింద పెట్టి పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్ళిపోయింది. ఆ పక్కనే మంచం మీద కూర్చున్న అమ్మ మాత్రం ఆ చివరి మాట విని కొడుకు వంక ఒకసారి చూసి, చెంప మీద చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. చీటీలు తప్ప మరొకటి చదవడం ఆయనకు అలవాటు లేదు.

వంటల పుస్తకంలో కూరలు చూస్తే ప్రతిదానిలోనూ "తగినంత" అనే మాట. ఎవరికి తగినంత? పూటకెంత? ఇది శాస్త్రమేనా అనిపించింది. అందుకని అక్కను అడిగాడు. భార్యను అడిగితే పందెంలో ఓడినట్టే కదా.

అక్క వంటలో దిట్ట. టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పని చేసి రిటైరైంది. ఆ ముప్ఫై ఏళ్ళూ జనం మాటలను కుదించీ కుదించీ, ఇప్పుడు ఆవిడకు రెండు మాటల్లో అయ్యే పని మూడు మాటల్లో చేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఫోనులో మాట్లాడటమంటే వృథా. కామాలు, చుక్కలు అనవసరం. శనివారం పొద్దున ఏడింటికి ఆవిడ దగ్గర్నుంచి సందేశం వచ్చింది.

"దుంపలు కేజీ ఉడికించు ముక్కలు చెయ్యి నూనె వేడి జీలకర్ర చెంచా మిరియాలు నూరు లవంగాలు వెయ్యి ముక్కలు కలుపు మంట తగ్గించు ఉప్పు చూడు కొత్తిమీర చల్లు దించు"

కాంపౌండరు కళ్ళజోడు పైకి తోశాడు. హాయిగా అనిపించింది. చీటీ అంటే ఇలా ఉండాలి. ముందు పేరు, తర్వాత లెక్క. దుంపలు కేజీ. జీలకర్ర చెంచా. మిరియాలు నూరు. అక్క పాతకాలం మనిషి, వందను నూరు అనే అంటుంది. లవంగాలు వెయ్యి.

అక్కడ మాత్రం కాస్త ఆగాడు. వెయ్యంటే ఎక్కువ కాదూ? అయినా మోతాదు ఎక్కువనిపించినప్పుడు రాసినవాళ్ళను ఒకసారి అడగడం షాపులో కూడా పద్ధతే. అక్కకు సందేశం పెట్టాడు. "లవంగాలు వెయ్యా?"

నిమిషంలో జవాబు వచ్చింది. "వెయ్యి వెయ్యకపోతే ఘాటెక్కడిది"

అంతే. వెయ్యి వెయ్యకపోతే ఘాటు లేదు. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? అమ్మకు ఆర్నెల్లుగా అన్నీ చప్పగా ఎందుకున్నాయో ఆయనకు అప్పుడు అర్థమైంది. భార్య ఎప్పుడూ రెండు, మూడు వేసి ఊరుకునేది.

భార్య స్కూలుకు వెళ్ళగానే సంచీ తీసుకుని దినుసుల కొట్టుకు బయలుదేరాడు. కొట్టాయన నాలుగు తరాల నుంచీ అదే వీధిలో దినుసులు అమ్ముతున్న మనిషి. ఆయనకు తెలియని సంగతి ఉండదు, తెలిసిన సంగతి కడుపులో ఉండదు.

"లవంగాలు కావాలండీ."

"ఎన్ని గ్రాములు?"

"గ్రాములు కాదు. వెయ్యి."

కొట్టాయన చేతిలో తక్కెడ ఆగిపోయింది. "వెయ్యి లవంగాలా? ఎవరైనా నాలుగో ఐదో తీసుకెళ్తారు. ఏం చేస్తారండీ అన్నిటితో?"

ఇక్కడ నిజం చెప్పేస్తే కథ ఉండేది కాదు. కానీ వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వీధికంతటికీ మందులిచ్చే పెద్దమనిషి, పెళ్ళాంతో పందెం కాసి దుంపల కూర వండబోతున్నానని వాళ్ళ ముందు ఎలా చెబుతాడు? "ఇంట్లో చిన్న ప్రయోగం" అన్నాడు గొంతు తగ్గించి.

కొట్టాయన కళ్ళు మెరిశాయి. మందుల మనిషి. లవంగాలు. ప్రయోగం. "అర్థమైందండీ, అర్థమైంది. ఎవరికీ చెప్పను లెండి" అంటూ వంద గ్రాములు తూచి, పైన ఒక గుప్పెడు కొసరు కూడా వేశాడు. కాంపౌండరు వీధి దాటకముందే ఆ రహస్యం ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ, వాళ్ళ తర్వాత వచ్చిన బస్సు కండక్టరుకూ తెలిసింది. కాంపౌండరు పంటి నొప్పికి సొంతంగా మందు కనిపెట్టాడు. పన్ను పీకనక్కర్లేదు, డాక్టరు అక్కర్లేదు. మధ్యాహ్నానికి తయారవుతుంది.

ఇంట్లో కాంపౌండరు షాపు నుంచి తెచ్చిన మాత్రల పళ్ళెం బల్ల మీద పెట్టుకుని, ఐదేసి చొప్పున లవంగాలు లెక్కపెడుతున్నాడు. పని నెమ్మదిగా, చాలా సంతోషంగా సాగింది. తల విరిగిన లవంగాలను పక్కన పెట్టాడు. విరిగిన మాత్ర ఇవ్వకూడదన్నది వృత్తిధర్మం. పదకొండు గంటలకు లెక్క పూర్తయింది. తొమ్మిదివందల తొంభై ఎనిమిది.

మరోసారి లెక్కపెట్టాడు. మళ్ళీ అంతే వచ్చింది. ఇంట్లో లవంగాల సీసా తీసి చూస్తే, మొన్నటి అభ్యాసంలో వాసన చూసీ చూసీ నలిపేసినవే ఉన్నాయి. పక్కింటి తలుపు తట్టాడు.

"ఏమీ అనుకోకండమ్మా. రెండు లవంగాలు ఉంటే ఇస్తారా?"

"అయ్యో, దానికేం భాగ్యం! దేనికండీ?" అంది పక్కింటావిడ.

"కూరలోకి. వెయ్యికి రెండు తక్కువయ్యాయి."

ఆవిడకు అది "వెయ్యటానికి" అని వినపడింది. మనిషన్నవాళ్ళకు అలాగే వినపడుతుంది. "రెండు సరిపోతాయి లెండి. మూడోది పడితే ఘాటెక్కిపోతుంది" అని రెండూ అరచేతిలో పెట్టింది. ఇంత తక్కువ తెలిసిన ఇల్లాలితో ఆ ఇంట్లోవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారో అనుకుంటూ ఆయన తిరిగి వచ్చాడు.

ఇక వంట. దుంపలు ఉడికాయి, ముక్కలయ్యాయి. నూనె వేడెక్కింది. చెంచా జీలకర్ర చిటపటలాడింది. నూరు మిరియాలు పడ్డాయి. వెయ్యి లవంగాలు పడ్డాయి. బాండీలో గలగలమని గులకరాళ్ళు పోసిన చప్పుడైంది. దుంప ముక్కలు కలిపేసరికి ముక్క కోసం వెతుక్కోవలసి వచ్చింది. ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అయినా చీటీ చీటీయే కాబట్టి మంట తగ్గించాడు. ఉప్పు చూశాడు. కొత్తిమీర కడిగి, తరిగి, చల్లి, దించాడు. చేసిన కూర రుచి చూడాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క మందూ తను మింగి చూసి ఇచ్చింది లేదు.

పన్నెండున్నరకు గేటు చప్పుడైంది. దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని బస్సు కండక్టరు నిలబడి ఉన్నాడు.

"మందు అయిందా గురువుగారూ? మూడు రోజుల నుంచీ టికెట్ అని కూడా అనలేకపోతున్నా."

"మందేమిటి? ఎవరు చెప్పారు?"

"దాచకండి. వీధి చివరికి గుప్పున కొడుతోంది." కండక్టరు చనువున్న మనిషి. తిన్నగా వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి, చల్లారడానికి అక్కడ పెట్టిన బాండీలోంచి నాలుగు లవంగాలు తీసి నొప్పి పంటి కింద పెట్టేసుకున్నాడు. కాంపౌండరు వద్దనే లోపలే కండక్టరు మొహం విచ్చుకుంది. "అబ్బా! పోయింది! నొప్పి మొత్తం పోయింది!" అని వీధికంతటికీ వినపడేలా అరిచాడు.

ఆ అరుపు వీధిలోవాళ్ళకు వినపడింది. లోపల మంచం మీద ఉన్న అమ్మకూ వినపడింది.

పావుగంటలో గేటు ముందు తొమ్మిదిమంది తేలారు. టైలరు వచ్చాడు. పెళ్ళిళ్ళలో క్లారినెట్ వాయించే ఆయన, సాయంత్రం బేరం ఉందని, వాయిద్యంతో సహా వచ్చాడు. అందరూ తలలు వంచుకుని, చెంపలకు రుమాళ్ళు అదుముకుని, మూలుగుతూ నిలబడ్డారు. "ఇది కూరండీ బాబూ, కూర!" అని కాంపౌండరు గేటు దగ్గర మొత్తుకుంటున్నాడు. పేరు ఏదైనా తమకు అభ్యంతరం లేదన్నారు వాళ్ళు.

సరిగ్గా ఒంటిగంటకు భార్య వీధి మలుపు తిరిగింది. దూరం నుంచి ఆవిడకు కనిపించింది ఇది: తమ ఇంటి ముందు జనం. తలలు వంచుకున్న జనం. రుమాళ్ళతో మొహాలు ఒత్తుకుంటున్న జనం. పక్కన క్లారినెట్ ఆయన. వాళ్ళ మధ్యలో కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతూ భర్త. ఆవిడ పరుగందుకుంది. ఎదురొచ్చిన కండక్టరు చెయ్యి పట్టుకుంది.

"ఏమైందన్నయ్యా? చెప్పన్నయ్యా!"

కండక్టరు నాలుక అప్పటికి పూర్తిగా మొద్దుబారిపోయింది. అయినా ఆ సంతోషంలో చెప్పకుండా ఉండలేకపోయాడు. "ఫోయింథమ్మా! హాయిగా ఫోయింథి. ఒఖ్ఖ నిమిషం ఖూడా బాధ లేదు!"

"అత్తయ్యా!" అని ఒక్క కేక పెట్టి ఆవిడ లోపలికి పరుగెత్తింది. ఆ కేకకు కంగారుపడి కాంపౌండరు కూడా వెనకే పరుగెత్తాడు. అమ్మకేమైందో ఆయనకూ తెలియదు మరి.

అత్తయ్య వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందు కంచం. కంచం అంచు చుట్టూ బారులు తీర్చిన లవంగాలు. మధ్యలో దుంప ముక్కలు దాదాపు అయిపోయాయి. ఆవిడ తీరిగ్గా, రెండు దవడలతోనూ, నములుతోంది.

కోడలు గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయింది. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఆ రెండూ అయ్యాక కోపం వచ్చింది. "చచ్చేంత భయం పెట్టారు కదండీ! ఏం చేశారు? ఇదేనా మీ కూర?" అని బాండీలోంచి ఓ చెంచాడు తీసి నోట్లో వేసుకుంది.

రెండు క్షణాలు ఏమీ జరగలేదు. తర్వాత ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. నాలుక సహకరించలేదు.

"ఏంథీ ఇథి! కూయా? మంథా? ఎన్ని లవంగాయు వేశాయంథీ?"

"వెయ్యి" అన్నాడు భర్త వినయంగా.

"ఎన్ని వేశాయని అయిగితే వెయ్యి అంతాయేంథి!"

"వెయ్యే వేశాను."

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆఖరి ముక్క మింగి, కంచం ముందుకు జరిపింది. "ఆ పిల్ల నీ మీద కారాలూ మిరియాలూ నూరుతోంది గానీ, తర్వాత సంజాయిషీ చెప్పుకుందువులే. ముందు నాకు ఇంకో గరిటె వెయ్యి."

కాంపౌండరు గరిటె తీసుకుని వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. నూరుతోంది. మిరియాలు నూరు. ఇంకో గరిటె వెయ్యి. లవంగాలు వెయ్యి. జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పైకి తోసి, అక్క సందేశం మరోసారి చదివాడు. ఏ డాక్టరు చీటీ అయినా చదవగల మనిషికి సొంత భాషలో, సొంత అక్క, శుభ్రంగా రాసిన నాలుగు ముక్కలు చదవడానికి ఆరు గంటలు పట్టింది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఫోను భార్యకు అందించాడు. ఆవిడ చదివింది. "వెయ్యి వెయ్యకపోతే" దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొద్దుబారిన నోటితో నవ్వలేక, కళ్ళతోనే నవ్వింది.

నవ్వు మధ్యలో ఆగిపోయింది. "అత్తయ్యా, మీయు యెంథోసాయి అయిగాయు!" అంది.

అప్పుడు తట్టింది ఇద్దరికీ. రెండోసారి అడిగింది. అదీ ఈ కూరను. మనిషి అన్నవాడు మింగలేని ఈ కూరను, ఆర్నెల్లుగా దేన్నీ నాలుగు ముద్దలకు మించి ముట్టని మనిషి, రెండోసారి అడిగింది.

"అమ్మా, నిజం చెప్పు. ఎలా తిన్నావు దీన్ని?"

అమ్మ తల వంచుకుంది. ఎడమ చెంప మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. "కండక్టరు నొప్పి పోయిందని అరిచాడు కదరా. నాకూ పోతుందేమోనని పెట్టుకు చూశా. నిజంగానే పోయింది. నమిలితే ఏమీ అనిపించలేదు. ఆకలి దంచేస్తోంది, తినేశా."

"నీకు పన్ను నొప్పా? ఎప్పటి నుంచి?"

"ఆర్నెల్లయింది."

"చప్పగా ఉందనేదానివి కదా!"

"నమల్లేకపోతున్నానంటే పీకిస్తానంటావు. కిందటిసారి పీకించుకున్నప్పుడు మీ నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకోను? భయమేసింది. చెబుదామనుకునేసరికి ఈ అమ్మాయికి ఆ శిక్షణకు పిలుపు వచ్చింది. అత్తకు ఒంట్లో బాగాలేదంటే అసలే కదలదు. అందుకని పంటి బిగువున ఊరుకున్నా" అని, కోడలి వైపు తిరిగి, "నీ వంటకేం తల్లీ? నీ వంట తిననిచ్చిందే లేదు ఈ పన్ను" అంది.

కాంపౌండరు గరిటె కింద పెట్టాడు. ఊళ్ళో ఎవరికి ఏ నొప్పి వచ్చినా పేరు పెట్టి మందిచ్చే తను, మూడు పూటలా ఎదురుగా చెంప మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న కన్నతల్లిని చూడలేదు. షాపులో ఇరవై ఆరేళ్ళు తలవంచుకుని చీటీలే చూశాడు గానీ, చీటీ పట్టుకున్న మనిషిని చూసే అలవాటు చేసుకోలేదు. చాలా బాధనిపించింది. అమ్మ పక్కన కింద కూర్చుని ఆవిడ చెయ్యి తీసుకున్నాడు.

"ఎయ్యుంథి సోమవాయం వెల్థాం. నేనొక చెయ్యి, ఈయనొక చెయ్యి" అంది కోడలు అటువైపు కూర్చుని. ఆ మాటల్లో సగం అర్థం కాకపోయినా అమ్మ రెండు చేతులూ ఇచ్చేసింది. కాసేపయ్యాక కుడిచెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇంకో గరిటె అన్నాను. ఎవరూ వెయ్యరేం? ఉప్పు మరిచిపోయినట్టున్నావు గానీ, ఫర్వాలేదు, తినొచ్చు."

రెండున్నరకు ఉత్తరం మీద సంతకం పడింది. ఇది వంట కింద లెక్కకొస్తుందా, వైద్యం కింద వస్తుందా అని లెక్కల టీచరు ఒక్క క్షణం తటపటాయించింది. షరతులో ఆ మాట లేదని భర్త గుర్తుచేశాడు. ఉన్నది ఉన్నట్టు చదవాలని కూడా అనబోయి, ఆ రోజుకు ఆ సిద్ధాంతం బయటికి తియ్యకపోవడం మంచిదని ఊరుకున్నాడు.

స్కూల్లో హెడ్మిస్ట్రెస్ ఉత్తరం అందుకుని "సంతోషంగానే వెళ్తున్నారా? ఇంట్లో ఇబ్బందేం లేదు కదా?" అని రెండుమూడుసార్లు అడిగిందట. ఈవిడ పెదవి విప్పితే ఏ శబ్దం వస్తుందో తెలియక, కళ్ళనిండా నీళ్ళతో తల మాత్రం ఊపిందట. ఇంతటి నిండు మనసు ఈ రోజుల్లో అరుదని హెడ్మిస్ట్రెస్ తర్వాత అందరికీ చెప్పింది.

గేటు దగ్గర తొమ్మిదిమందికీ కాంపౌండరు కంచం అంచున ఉన్నవి తప్ప మిగతా లవంగాలన్నీ ఏరి, కడిగి, పొట్లాలు కట్టి ఇచ్చాడు. "ఇది తాత్కాలికమే. సోమవారం మా అమ్మతో పాటు మీరూ పళ్ళ డాక్టరు దగ్గరికి రావాలి" అని ఒక్కొక్కరికీ విడివిడిగా, మొహం చూసి మరీ చెప్పాడు. క్లారినెట్ ఆయనకు మాత్రం సాయంత్రం వాయించాక వాడమని చెప్పాల్సింది. ఆ పెళ్ళిలో ఊదినప్పుడు పెదవుల జాడ తెలియక ఆయన చాలా అవస్థ పడ్డాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం ఆరింటికి అక్క సందేశం వచ్చింది. "కూర"

తమ్ముడు కూడా పొదుపు నేర్చుకున్నాడు. "అమ్మ రెండుసార్లు తింది" అని పంపాడు. వెయ్యి సంగతి ఎప్పుడైనా ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాడు. పొద్దున తన "వెయ్యా"ను "వెయ్యాలా"కు కుదింపు అనుకుని, తమ్ముడికీ ఇన్నాళ్ళకు అక్షరాలు తగ్గించి రాయడం వచ్చిందని అక్క మురిసిపోయిందని ఆయనకు అప్పటికి తెలియదు.

కాసేపటికి మళ్ళీ అక్క. "ఉప్పు చూశావా"

కాంపౌండరు లేచి, వంటింట్లోకి వెళ్ళి, ఎందుకైనా మంచిదని మరోసారి చూసి వచ్చి, జవాబు పెట్టాడు. "చూశాను సీసా నిండుగా ఉంది"